బడి మీద బోర్లించిన కుండలు

1994 మార్చి 18, శుక్రవారం

మంజులత క్లాసుల పడిపోయింది. ఆరో తరగతి, మూడో వరుస. పొద్దున ఏం తినకుంట వచ్చినట్లుంది. నీళ్లు చల్లితే లేచింది. వాళ్లమ్మ సావిత్రమ్మ వచ్చి సంకకెత్తుకొని తీసుకపోయింది. పన్నెండేండ్ల పిల్లను సంకకెత్తుకున్నది. 

మార్చి 19

తినకనే వచ్చి ఉంటది. ఈ పిల్లలంత గంతే. ఇంత చాయ తాగి బడికి ఉరికొస్తరు.

మార్చి 21, సోమవారం

ఆరో తరగతిల పదకొండు మంది ఆడపిల్లలు. ఇయ్యాల నలుగురొచ్చిన్రు. మిగిలినోళ్లు ఏరని అడిగితే మొగపిల్లలు నేల చూపులు చూసిన్రు. ఆఖరికి ఒకడన్నడు, "గా రూముల కూసుంటే పానం పోతదని వాళ్లమ్మలు పంపుతలేరు టీచర్."

"నీకు పోలేదు గదరా పానం?" అన్న. క్లాసంత నవ్విన్రు. నేను నవ్వలే.

సైన్సు కిట్టులకెళ్లి థర్మామీటర్ తీసి గోడ మొలకు కట్టిన. ఒంటిపూట బడి గనక పదకొండున్నరకు చూసిన. బయట వేపచెట్టు నీడల 38. రూముల 42. థర్మామీటర్ చెడిపోయిందనుకొని రెండోసారి చూసిన, మూడోసారి చూసిన. అది మంచిగనే ఉన్నది.

మూడేండ్ల కింద ఊరికి స్లాబు బడి వచ్చిందని కొబ్బరికాయలు కొట్టిన్రు. కట్టించింది సర్పంచ్ యాదగిరి. కిటికీలన్ని పడమటి దిక్కే పెట్టిచ్చిండు. ఎందుకయ్యా అంటే రోడ్డు అటే ఉన్నది, బస్సుల పోయెటోళ్లకు కిటికీలు కనవడాలె, వాటి మీద రాసిన ఆయన పేరు కనవడాలె. ఉత్తరం గోడ మొద్దు, దక్షిణం గోడ మొద్దు. గాలి వచ్చే దారి లేదు, వచ్చింది పోయే దారి లేదు. పొద్దంత నెత్తి మీద స్లాబు పెనం లెక్క కాలుతది, మాపటిదాక అండ్లున్న సెగంత కిందికి దిగుతది. అంతకుముందు బడి నడిచిన పాత మన్ను మిద్దెకు నడుమ గవాచి ఉండె, కప్పుకు విడిచిన బొక్కలు. గా బొక్కలకెళ్లి వెలుతురు దిగుతుండె, ఉడుకు గాలి పైకి పోతుండె. దాన్ని కూలగొట్టి దీన్ని కట్టినం. గానాడు చప్పట్లు కొట్టినోళ్లల్ల నేను గూడ ఉన్న.

ఇంకో మాట. ట్రైనింగుల పుస్తకాల తెలుగు రాయమని సార్లు నా కాపీల నిండ ఎర్రసిరా గీతలు పెట్టిన్రు. ఈ బుక్కు నాది, ఇండ్ల నా తెలుగే. అబ్బాకు, అంటే మా నాయినకు, ఉర్దూ తప్ప చదువరాదు గనక ఆయన కంట వడ్డా ఫికర్ లేదు.

మార్చి 24

మోత్కూర్ కెళ్లి ఎం.ఈ.ఓ. సారు జీపేసుకొని వచ్చిండు. పిల్ల పడ్డ ముచ్చట ఎవరో చేరేసిన్రు.

సారు రూములకు రాలే. గడపల నిలవడి రుమాలుతోని మెడ తుడుచుకున్నడు. "అజీజా మేడం, గీ రూముల పిల్లల్ని కూసోవెట్టుడు తప్పు. జూన్ల ఏడో తరగతి ఇక్కడ వద్దు. మోత్కూర్ హైస్కూల్ల కలుపుత."

"మొగపిల్లలు పోతరు సార్. ఆడపిల్లలు పోరు. ఇంట్ల కూసుంటరు."

"ఐదు మైళ్లే గదా."

"మీ బిడ్డను పంపుతరా సార్, పొద్దుమాపు ఐదు మైళ్లు నడిపిచ్చి?"

సారు ముఖం మాడ్చుకున్నడు. నాకు నోరు ఎక్కువని జిల్లంత తెలుసు. దాచిపెట్టుకునేది ఏమున్నది?

"రూం చల్లగ చేస్తే ఏడో తరగతి ఉంచుతరా?" అన్న.

"చేస్తే ఉంచుత. బడి తెరిచేనాడు పగటీలి రెండు గంటలకు నేనే వచ్చి అండ్ల కూసుంట." జీపెక్కి మళ్ల తల బయట పెట్టిండు. "గాని మేడం, బిల్డింగు మీద చెయ్యి వెయ్యకున్రి. అది ఇంజనీర్ల పని. పర్మిషన్ లేకుంట ఇటుక కదిలిస్తే మెమో వస్తది."

చెయ్యి వెయ్యకుంట చల్లగ చెయ్యాల్నట. నోటితోని ఊదాల్నా నేను?

మార్చి 25

సావిత్రమ్మ ఇంటికి పోయిన. అరుగు మీద కూసోమన్నది గాని మంచినీళ్లు ఇయ్యలే.

"ఏడో తరగతి ఊర్ల ఉండదంటున్నరు గదా టీచరమ్మా. ఉన్నా గా కొలిమిలకు పంప. మంజులతను పోచంపల్లి పంపుతున్న, మా చెల్లె ఇంటికి. రంగుల ముంచే ముందట నూలుకు చిటికీ ముడులు కట్టుడు నేర్చుకుంటది. నీడల కూసోని చేసే పని."

"పిల్ల తెలివిగలది సావిత్రమ్మా. క్లాసుల దాని లెక్కలే లెక్కలు. పొద్దున జర తినిపిచ్చి పంపితే..."

"జొన్న గట్క తిన్నది. రెండుసార్లు ఏసుకొని తిన్నది."

మంజులత దర్వాజ వెనుక ఉండె. నన్ను చూసి లోపలికి పోయింది.

తిన్నదట.

మార్చి 26

ఎండదెబ్బకు తిన్నోళ్లు గూడ పడుతరు. తప్పు స్లాబుది. స్లాబుది.

మార్చి 27, ఆదివారం

అబ్బాను తీసుకపోయి బడి చూపిచ్చిన. నలభై ఏండ్లు తాపీ పట్టిన మనిషి. చుట్టుపక్కల పది ఊర్లల్ల ఖాదర్ మేస్త్రీ అంటే ఇప్పటికి గూడ అరుగు దిగొస్తరు. కంట్ల పొర వచ్చి రెండేండ్లాయె, చూపు అంతంతే. చూడకుంటనే చూసిండు. కట్టెతోని గోడలు కొట్టి చెవి పెట్టిండు. రూం నడుమ నిలవడి నాలుక తడి చేసుకొని వేలు పైకెత్తిండు.

"గాలి సచ్చిపోయింది బేటీ ఇండ్ల. ఎవడు కట్టిండు?"

"యాదగిరి."

"వాని తండ్రి కట్టిన బర్ల కొట్టం నయం."

చాయ తాగుకుంట చెప్పిండు, నేను కాపీల రాసుకున్న. ఉత్తరం గోడకు రెండు, దక్షిణం గోడకు రెండు కంతలు, స్లాబుకు జానెడు కింద. ఉడుకు గాలి పైకెక్కి అండ్లకెళ్లి పోతది. పడమటి కిటికీల ముందట తాటాకు తడక, దాని మీదికి సొర తీగ. ఇగ స్లాబు మీద కుండలు.

"కుండలా?"

"జవానీల ఒక దొర గడీ మీద మా ఉస్తాదు పెట్టిచ్చిండు. చిన్న కుండలు పక్కపక్కన బోర్లియ్యాలె. నడుమల గానుగల నూరిన డంగు సున్నం పొయ్యాలె, పైన పలుచగ గచ్చు చెయ్యాలె. కుండల గాలి ఉంటది. గా గాలి ఎండను కిందికి దిగనియ్యది. బరువు గూడ ఉండది." చాయ గ్లాసు నేల మీద బోర్లిచ్చి చూపిచ్చిండు. ఎన్నో దినాల తర్వాత ఆయన ముఖంల కళ చూసిన. రూం చల్లవడకపోయినా ఇదొక్కటి చాలనుకున్న. కాదు, చాలదు. రూం చల్లవడాలె.

ఏప్రిల్ 3, ఆదివారం

చేతులు బొబ్బలెక్కినయి, రాత సక్కగ వస్తలేదు. రాస్త.

పొద్దున ఆరింటికే సుత్తె, ఉలి పట్టుకొని బల్ల మీద నిలవడ్డ. అబ్బా కింద కుర్చీల కూసోని కట్టెతోని చూపిచ్చిండు, గిక్కడ కొట్టు, గక్కడ పిల్లరున్నది దాని జోలికి పోకు. మా రెండో టీచర్ అమరేందర్ సారు గుడ్డతోని మూతి కట్టుకొని ఇటుకలు మోసిండు. "ఎవలన్న అడిగితే నా పేరు చెప్పకున్రి మేడం" అనుకుంటనే మోసిండు. మంచోడే, భయపడుకుంట గూడ పనిచేసేటోడు.

మూడో కంత కొడుతాంటె యాదగిరి ఉరికొచ్చిండు.

"ఏం చేస్తున్నవ్ టీచరమ్మా! గవర్నమెంటు గోడ!"

"గవర్నమెంటు లోపల కూసుంటలేదు పటేలా, పిల్లలు కూసుంటున్నరు."

"నేను ఊరికి స్లాబు తెచ్చిన. పక్కూర్ల ఇప్పటికి రేకులే. నువ్వు దానికి బొక్కలు కొడుతవా? రిపోర్టు చేస్త."

"చెయ్యి. పేరు అజీజా బేగం, అబ్దుల్ ఖాదర్ బిడ్డె అని సక్కగ రాయిపిచ్చు." కొట్టుడు ఆపలే. 

మాపటికి నాలుగు కంతలు పడ్డయి. అబ్బా నడుమ నిలవడి వేలెత్తిండు. "కదిలింది బేటీ," అన్నడు.

ఏప్రిల్ 5

పదకొండున్నర. బయట 39. రూముల 40. కంతలు రెండు డిగ్రీలు తెంపినయి. ఇగ నెత్తి మీద ఉన్నది పని.

ఆడపిల్లలు ఏడుగురొచ్చిన్రు. మంజులత రాలే.

ఏప్రిల్ 8

కుమ్మరి గోపమ్మ ఇంటికి పోయిన. పెరట్ల గోడకు ఆనిచ్చి కుండల కుప్ప ఉండె. పర్రె వారినయి, మూతి వంకర పోయినయి, ఓటి కుండలు. "ఇవి నీకు పనికి రావు గదా, నాకియ్యి" అన్న. ఎందుకని అడిగింది. బడికి అన్న. "మొక్కలకా? తీసుకపో" అన్నది. నేను అవునని గాని కాదని గాని అనలే. బండికెత్తిచ్చిన.

అబ్బా ముట్టిచూసి "ఓటివా?" అన్నడు. "గాలి నిలవడితే సాలు గదా అబ్బా, నీళ్లు పోస్తమా ఏమన్ననా?" అన్న. కుండను పక్కకు పెట్టిండు.

ఏప్రిల్ 10, ఆదివారం

రేపు ఉగాది. ఇయ్యాల అమాస. ఆదివారం అమాస.

అబ్బా పొద్దున మంచం దిగలే. "అమాసనాడు ఏ మేస్త్రీ తాపీ ముట్టడు. హిందువైనా, ముసల్మానైనా. నలభై ఏండ్లల్ల నేను ముట్టలే."

"నాకు దొరికేది ఆదివారాలే అబ్బా. జూన్ దాక ఎన్నున్నయో లెక్కపెట్టు."

"బేటీ, జర ఆగు."

ఆగలే. నేను సైన్సు చెప్పేదాన్ని. చంద్రుడు అటుదిక్కు పోతే కుండలకేమైతదని నిచ్చెనేసుకొని ఎక్కిన. అమరేందర్ సారు ఇయ్యాల కడుపు నొప్పన్నడు. ఒక్కదాన్నే పొద్దుగూకెదాక సగం స్లాబు నిండ కుండలు బోర్లిచ్చిన. పైకెళ్లి చూస్తే ఎంత ముద్దుగ ఉన్నయో.

ఏప్రిల్ 12, మంగళవారం

ఒక్క ఆడపిల్ల రాలే. మొగపిల్లలు గూడ పదిమందే.

ఏప్రిల్ 13

గేటు కాడ ఆడోళ్లు జమైన్రు. ముందట సావిత్రమ్మ.

"టీచరమ్మా, బొందలగడ్డ మీద, పీనుగులను పూడ్చే కాడ గూడ కుండలు గట్లనే బోర్లిస్తరు. నీకు తెల్వదా? పర్రె కుండ, అదిగూడ ఆదివారం అమాసనాడు, మా పిల్లల నెత్తి మీద పెడుతవా?"

"అది గాలి కోసం..."

"ఒక్కసారి పడ్డది నా బిడ్డ. పీనుగు ముందట పగులగొట్టే కుండ కింద మళ్ల కూసోవెట్టాల్నా?"

మాటకు మాట చెప్పిన. మూఢనమ్మకం అన్న. చదువు అన్న. ఎంత చెప్పినా వాళ్లు నా ముఖం దిక్కు చూస్తలేరు, స్లాబు దిక్కు చూస్తున్నరు. వెనుకకు తిరిగి నేను గూడ చూసిన. రోడ్డు మీదికెళ్లి చూస్తే ముద్దుగ లేవు. నిజంగనే బొందలగడ్డ లెక్కనే ఉన్నయి.

యాదగిరి రోడ్డవతల నిలవడి పండ్లు కుట్టుకుంటున్నడు.

ఏప్రిల్ 14

కుండలు దించ. దించేది లేదు. వాళ్లే వస్తరు.

ఏప్రిల్ 16

వస్తలేరు.

ఏప్రిల్ 18

గోపమ్మ ఇంటిమీదికే వచ్చింది. కొంగు నడుముకు చెక్కి, వాకిట్ల నిలవడి నన్ను కడిగిపారేసింది.

"మొక్కలకనుకొని ఇచ్చిన. నువ్వు పిల్లల నెత్తి మీద పెట్టినవ్. ఓటి కుండలు గోపమ్మ ఇచ్చిందని ఊరంత నన్ను తిడుతున్నది. నోరున్నది గదా నీకు, జిల్లంత పారుతది గదా, ఒక్క మాట అడుగ రాలే?"

అబ్బా లోపల్నుంచే కిసుక్కున నవ్విండు. నాకు కోపమొచ్చింది, కోపం గోపమ్మ మీద గాదు. నిజమే, అడుగలే. అడిగితే వద్దంటదని తెలిసే అడుగలే. కూసోమన్న. చాయ పెట్టిన. చాయ తాగినంక ఆమె మెత్తవడ్డది.

"కుండలే పెడుతవా, మానవా?"

"మాన."

"మంకుదానివి. మరి ఐరేని కుండలు పెట్టు."

పెండ్లి కుండలు. ఈ ఊర్ల పెండ్లంటే ముత్తైదులు డప్పులతోని కుమ్మరింటికి పోతరు. సున్నం, ఎర్రమన్ను జాజు పూసిన కొత్త కుండలు నెత్తినెత్తుకొని తెస్తరు. నేను గూడ ఎన్నోసార్లు వాటి వెనుక నడిచిన.

"కొత్తయి చేస్త, చిన్నగ, పర్రె లేకుంట. సున్నం, జాజు పూస్త. డప్పు కొట్టుకుంట ఆడోళ్లే నెత్తినెత్తుకొని తెచ్చి పెట్టాలె. గప్పుడు ఎవడేమంటడో సూస్త."

"పెండ్లిల బోర్లియ్యరు గదా గోపమ్మా? బోర్లిస్తె మళ్ల గదే మాటంటరు."

"కోడి పిల్లల మీద గంప బోర్లియ్యరా? గద్ద తన్నుకపోకుంట? కాపాడేదాన్నే బోర్లిస్తరమ్మా. సదువుకున్నదానివి గది గూడ నేనే చెప్పాల్నా?"

నేను టీచర్ను. డప్పులతోని కుండలు ఊరేగిచ్చుడేంది, నా చదువుకేం ఇజ్జత్ ఉంటది అనుకున్న. అనుకుంటనే నిచ్చెనేసి ఓటి కుండలన్ని దించిన. అబ్బా వాటిని దంచి పొడి చెయ్యమన్నడు, సున్నంల కలపాలెనట. పారేసేది ఒక్కటి లేదు.

ఏప్రిల్ 23

ఎండకాలం సెలవులు. పరీక్షలు వేపచెట్టు కిందనే పెట్టిన. మంజులత పరీక్షకొచ్చింది. పేపరిచ్చి పోయింది. నా దిక్కు చూడలే. లెక్కలల్ల నూటికి తొంభైనాలుగు.

మే 6, శుక్రవారం

ఇది రాయాలె. తప్పించుకునుడు అయిపోయింది.

గోపమ్మ చెప్పింది, "మొదటి కుండ సావిత్రమ్మ పట్టాలె. పడ్డది ఆమె బిడ్డ. ఆమె పడితే ఊరంత పడుతది, ఆమె కాదంటే ఎవ్వరు రారు." ఇద్దరం పోయినం. సావిత్రమ్మ చాట వట్టుకొని కందులు చెరుగుతాంది. గోపమ్మ అంత చెప్పింది. ఆమె చెరుగుడు ఆపకుంటనే విన్నది.

"పడుత," అన్నది. "గాని టీచరమ్మ నాకొక్క మాట చెప్పాలె. నా మొకం సూసి చెప్పాలె. నా బిడ్డ ఎందుకు పడ్డది?"

స్లాబని చెప్పనీకి నోరు తెరిచిన. 42 డిగ్రీలు, పడమటి కిటికీలు, యాదగిరి, అన్ని నాలుక మీదనే ఉన్నయి. మంజులత దర్వాజ కాడ నిలవడ్డది. ఇయ్యాల లోపలికి పోలే.

"చెయ్యెత్తింది," అన్న. "తల తిరుగుతాంది, బయటికి పోయి నీళ్లు తాగొస్తనన్నది. నేను లెక్క చెప్తున్న. నకరాలు చెయ్యకు, కూసో అన్న. జరసేపైనంక మళ్ల చెయ్యెత్తింది. కనవడ్డది నాకు. చూడనట్లు బోర్డు దిక్కు తిరిగిన. అటెన్క పడ్డది."

గోపమ్మ తల తిప్పి నన్ను చూసింది. 

సావిత్రమ్మ చాట కింద పెట్టింది. "నాకు తెలుసు. గా దినమే చెప్పింది నా బిడ్డ. నువ్వు చెప్తవా, చెప్పవా అని సూస్తున్న. యాభై దినాలాయె."

"తప్పు నాది సావిత్రమ్మా."

"స్లాబుది గూడ," అన్నది. లేచి లోపలికి పోయి చెంబుతోని నీళ్లు తెచ్చిచ్చింది. తాగిన. సగం చీర మీదనే పోసుకున్న.

మార్చి 18 కాడ తినకుంట వచ్చిందని రాసిన. దాన్ని కొట్టెయ్య. గట్లనే ఉండనీ. నేనెట్లాంటిదాన్నో చదివి తెలుసుకోనీకి పనికొస్తది.

మే 15, ఆదివారం

డప్పులు! సందులకెళ్లి మా ఊరి ఆడోళ్లంత వచ్చిన్రు. గోపమ్మ ఇంటి ముందట కుండలు వరుసలు పేర్చి ఉన్నయి, తెల్ల సున్నం మీద ఎర్ర జాజు గీతలు. సావిత్రమ్మ నెత్తి మీద సుట్టబట్ట పెట్టుకొని మొదటి కుండ ఎత్తింది. రెండోది మంజులత. నాకొకటియ్యమంటే గోపమ్మ ఎగాదిగా చూసింది. "ముసల్మాన్లల్ల ఐరేనున్నదా?" అన్నది. "మా బడి పెండ్లి, మా ఇష్టం" అన్న. ఇచ్చింది.

ఆడోళ్లు నాలుగైదు తిరుగుడు తిరిగిన్రు. యాదగిరి భార్య గూడ నెత్తి మీద రెండు కుండలు పెట్టుకొని ఆయన ముందటికెళ్లే నడిచిపోయింది. ఆయన బీడీ అంటిచ్చుకున్నడు. అగ్గిపుల్ల వేలు కాలిందాక చూసుకోలే. నాకు ఖుషీ అయింది. అయింది, అబద్ధమెందుకు రాయాలె.

నేను పైన బోర్లిస్తాంటె మంజులత నిచ్చెన మీదికెళ్లి కుండలందిచ్చింది. "టీచర్, అది వంకరున్నది" అన్నది ఒక్కసారి. సరిచేసిన.

మే 19

పాత గానుగకు ఎడ్లను కట్టి సున్నం డంగు పట్టిచ్చినం. ఎడ్లు ఎవరియో రాస్తే నవ్వుతరు. యాదగిరియి. భార్య పంపింది.

స్లాబు మీద ఆడోళ్లు చెక్క కొట్టెలతోని గచ్చు కొడుతున్నరు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చల్లుకుంట, పాటలు పాడుకుంట. అబ్బా కింద కుర్చీల కూసోని చెవి పైకెత్తి వింటున్నడు. "ఇంక కొట్టున్రి అమ్మా. టప్పుటప్పుమంటాంది. టంగుమనాలె." ఆయనకు పైకెక్కే పానం లేదు. సప్పుడు మీదనే మేస్త్రీతనం చేస్తున్నడు.

మే 22

నిన్న బక్రీద్. నమాజు కాంగనే అబ్బా కొత్త బట్టల మీదనే బడికి పోదామన్నడు. గచ్చు మీద చేతికట్టెతోని కొట్టిచ్చి విన్నడు. టంగుమన్నది.

జూన్ 7

మొదటి వాన. మూడేండ్లసంది స్లాబుకు మూల కారుతుండె. ఇయ్యాల కారలే.

జూన్ 13, సోమవారం

బడి తెరిచినం. వాన మళ్ల మొకం చాటేసింది, రోహిణి ఎండ పోలేదు ఇంక. సొర తీగ సగం తడక దాకనే పాకింది, మిగిలిన సగానికి గోనెసంచులు తడిపి కట్టిన.

 రెండు గంటలకు జీపు వచ్చింది. బయట 40. రూముల 34. థర్మామీటర్ సారు చేతికిచ్చిన. ఆయన దాన్ని ఊపిండు, మళ్ల చూసిండు, నమ్మలే. "కూసుంటనన్న గదా, కూసుంట," అని నా కుర్చీల కూసున్నడు. "పాఠం చెప్పున్రి."

చెప్పిన. పది నిమిషాలు ఆరు నెలల లెక్క అనిపిచ్చినయి. తర్వాత పిల్లలు ముసిముసి నవ్వులు నవ్వుకుంట చూస్తున్నరు. ఏందా అని తిరిగి చూస్తే సారు తల ఒరిగింది. నిద్రపోయిండు. గడపల నిలవడి మెడ తుడుచుకున్న మనిషి, అదే రూముల నోరు తెరుచుకొని నిద్రపోయిండు. పిల్లల్ని వేలు చూపిచ్చి సప్పుడు చెయ్యొద్దన్న. అరగంట పాఠం గుసగుసలతోనే చెప్పిన.

లేచి కండ్లు తుడుచుకున్నడు. "ఏడో తరగతి ఉండనియ్యిన్రి," అన్నడు. జీపు కాడికి పోయినంక నా దిక్కు చూడకుంట, "మేడం, పైన బోర్లిచ్చినయ్ పెండ్లి కుండలా?" అన్నడు. "అవును సార్, దావత్ మిస్సయిన్రు" అన్న.

అబ్బాకు చెప్పిన. ఆయన తల తిప్పుకొని గోడకు చెయ్యానిచ్చిండు. 

జూన్ 16

పదకొండు మంది. పదకొండు. మంజులత మూడో వరుసలనే కూసున్నది. పోచంపల్లి చెల్లెకు ఉత్తరం రాసి వద్దని చెప్పిందట సావిత్రమ్మ.

జూన్ 22

మెమో వచ్చింది. పర్మిషన్ లేకుంట సర్కారు గోడలు పగులగొట్టినందుకు, స్లాబు మీద వస్తువులు పెట్టినందుకు నా మీద చర్య ఎందుకు తీసుకోవద్దో జవాబు రాయాలెనట. రిపోర్టు చేసింది యాదగిరి కాదట, ఆయన భార్య కసం తిని, ఒట్టేసి చెప్పింది. ఎవరైనా ఏమున్నది?

ఇది గూడ ఈ బుక్కుల అతికిస్త. జవాబు రెండు లైన్లు రాసిన. "గోడలు నేనే పగులగొట్టిన. కుండలు నేనే పెట్టిచ్చిన. లోపల పిల్లలు ఉన్నరు గనక." పుస్తకాల తెలుగులకు మార్చున్రి మేడం అన్నడు అమరేందర్ సారు. మార్చలే.

ఇంక్రిమెంటు ఆపుతరేమో, బదిలీ చేస్తరేమో. జిల్లా కొసకు, అడవి పక్కకు పారేస్తరని ఒకామె భయపెట్టింది. పారెయ్యనీ. గక్కడ గూడ స్లాబులుంటయి.

జూన్ 24, శుక్రవారం

పగటీలి రెండో పీరియడు. బోర్డు మీద లెక్క సగం రాసిన. మూడో వరుసల మంజులత చెయ్యెత్తింది.

సుద్దముక్క కింద పెట్టిన. "పో బిడ్డా."

"ఎందుకని అడుగవా టీచర్?"

"అడుగ. పో."

లేచి పోయింది. కిటికీలకెళ్లి చూసిన. నీళ్లు తాగలే. వేపచెట్టు కింద జరసేపు ఊకెనే నిలవడి, మళ్లొచ్చి కూసున్నది. దూప లేదు దానికి, నన్ను పరీక్ష చేసింది. చెయ్యనీ. రేపు గూడ ఎత్తనీ, ఎల్లుండి గూడ ఎత్తనీ. ఎన్నిసార్లు ఎత్తితే అన్నిసార్లు పొమ్మంట.

లెక్క మళ్ల మొదటికెళ్లి చెప్పిన.